లివర్ జబ్బు ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే రిపోర్టును ఎలా చదవాలి?

సిర్రోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) ఉన్న మనిషి రిపోర్టులో ఐఎన్ఆర్ 1.8 అని కనపడగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. "రక్తం పల్చబడిపోయింది, ఇక గడ్డకట్టదు" అనుకుంటారు. అందులో సగమే నిజం. రిపోర్టును ఈ వరుసలో చూడండి.

1. ముందు పీటీ, ఐఎన్ఆర్ చూడండి. పీటీ అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం. ఏ ల్యాబులో చేసినా పోల్చుకునేలా దాన్నే మార్చి చెప్పే అంకె ఐఎన్ఆర్. ఐఎన్ఆర్ మామూలుగా 1 దగ్గర ఉంటుంది. రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లలో (వీటినే ఫ్యాక్టర్లు అంటారు) చాలావాటిని లివరే తయారు చేస్తుంది. వాటిలో ఫ్యాక్టర్ 7 రక్తంలో కొన్ని గంటలే నిలుస్తుంది కాబట్టి, లివర్ దెబ్బతిన్న సంగతి పీటీలో త్వరగా బయటపడుతుంది.

2. తర్వాత బిలిరుబిన్. ఇది పైత్యరసంలోని పసుపు పదార్థం, పైత్యరసం ఆగిపోతే రక్తంలో పెరుగుతుంది. పైత్యరసం పేగులోకి సరిగా దిగకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు. అది లేనిదే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు పనిచేయవు. అలాంటి అనుమానం ఉంటే డాక్టర్లు విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చి పీటీ మళ్లీ చూస్తారు. మెరుగుపడితే విటమిన్ లోపం ఉన్నట్టే. మారకపోతే లివరే తయారు చేయలేకపోతోందని అనుమానించాలి.

3. ప్లేట్‌లెట్లు 1.5 లక్షల కన్నా తక్కువ ఉన్నాయా? లివర్ గట్టిపడి పోర్టల్ సిరలో (పేగుల నుంచి లివర్ కు రక్తం తెచ్చే సిర) ఒత్తిడి పెరిగితే ప్లీహం ఉబ్బి, వాటిని తనలోనే పట్టి ఉంచుకుంటుంది.

4. రిపోర్టులో కనపడనిది కూడా తెలుసుకోండి. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. రక్తం అతిగా గడ్డకట్టకుండా ఆపే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్‌లను కూడా లివరే చేస్తుంది. జబ్బులో అవీ తగ్గుతాయి. త్రాసులో రెండు తట్టలూ తేలికైనట్టు. ఐఎన్ఆర్ ఒక తట్టనే తూస్తుంది. అసలు దాన్ని తెచ్చింది వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్ల కోసం. అందుకే ఐఎన్ఆర్ ఎక్కువగా ఉన్నా పోర్టల్ సిరలోనో, కాలి సిరలోనో గడ్డ కట్టవచ్చు. ఒక కాలే వాచినా, కడుపులో కొత్తగా నొప్పి వచ్చినా "రక్తం పల్చగానే ఉందిగా" అని ఊరుకోవద్దు. అంకె తగ్గించడానికి ప్లాస్మా ఎక్కించమని డాక్టర్‌ను పట్టుబట్టడమూ మంచిది కాదు. దాంతో రక్త పరిమాణం పెరిగి పోర్టల్ ఒత్తిడి ఇంకా ఎక్కువవుతుంది.

5. మందుల చీటీ పక్కన పెట్టుకోండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. డాక్టర్ రాసిన ఆస్పిరిన్, వార్ఫరిన్ లాంటివి ఉంటే అడగకుండా ఆపనూ వద్దు.

రక్తం వాంతి అయినా, మలం తారులా నల్లగా వచ్చినా రిపోర్టులు వెతుక్కుంటూ కూర్చోకండి. ఉబ్బిన అన్నవాహిక సిరలు చిట్లి ఉండవచ్చు. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.