బైక్ సేఫ్టీ కోర్సుకు వెళ్తున్నారా? ముందు బ్రేక్ సంగతి తేల్చుకుని రండి

మొన్న జరిగిన ఒక యాక్సిడెంట్ చూశాక ఇది రాయక తప్పలేదు. పక్క రోడ్డులోంచి కారు అడ్డం వచ్చింది. బండి నడిపే మనిషికి ఏళ్ల అనుభవం ఉంది, తలకు హెల్మెట్ ఉంది, స్పీడ్ కూడా పెద్దగా లేదు. రోడ్డు మీద పొడవాటి నల్ల గీత పడి, చివర్లో వంకర తిరిగింది. వెనక టైర్ గీత అది. ముందు బ్రేక్ పట్టుకున్నావా అని ఆస్పత్రిలో అడిగితే గుర్తు లేదన్నాడు. కాలితో వెనక బ్రేక్ మాత్రం గట్టిగా తొక్కానన్నాడు.

హెల్మెట్ పెట్టుకోండి, తాగి నడపొద్దు అని మీకు చెప్పక్కర్లేదు. "నాకు బండి వచ్చు, సర్టిఫికెట్ కోసం వెళ్తున్నా" అనేవాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. కంగారు పడినప్పుడు కాలితో మాత్రమే ఆపే అలవాటును కోర్సులోనే వదిలించుకుని రండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ అలవాటు ఇంకా పట్టలేదు కాబట్టి వాళ్ల పని కాస్త సులువు.

"ముందు బ్రేక్ పడితే పల్టీ కొడతావ్" అని మనకు బండి నేర్పినవాళ్లు మంచికే చెప్పారు. అందులో కొంత నిజం కూడా ఉంది. లీవర్‌ను ఒక్కసారిగా గుంజితే, హ్యాండిల్ తిప్పి ఉండగా పడితే, ఇసుక మీద పడితే బండి పడిపోతుంది. అంతమాత్రాన ఆ బ్రేక్‌నే మానేస్తే ఎలా? బ్రేక్ వేయగానే బరువు ముందుకు వస్తుంది. ముందు టైర్ రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైర్ తేలికైపోతుంది. పొడి రోడ్డు మీద ఆపే బలంలో సుమారు 70 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ముందు చక్రానిదే. కాలితో ఒక్కటే తొక్కితే బరువు లేని వెనక చక్రం లాక్ అవుతుంది, అంటే తిరగడం ఆగి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. బండి ఆగాల్సిన చోట ఆగదు, పక్కకు జారుతుంది.

ఇది కొత్త విషయం కూడా కాదు. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో దాదాపు 900 బైక్ ప్రమాదాలను స్వయంగా పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదంలో పడ్డవాళ్లలో 92 శాతం మంది ఏ శిక్షణా లేకుండా సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. ఎక్కువమంది వెనక చక్రాన్ని స్కిడ్ చేశారు, ముందు బ్రేక్‌ను సరిగా వాడలేదు. తప్పించుకోవడానికి మామూలుగా దొరికిన సమయం 2 సెకన్ల లోపే. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఏ బ్రేక్ వేయాలా అని ఆలోచించే తీరిక అందులో ఎక్కడుంది? చేతికి ముందే అలవాటై ఉండాలి.

కోర్సుకు వెళ్లే ముందు

సొంత బండి మీద చేసే కోర్సయితే టైర్లలో గాలి, చెయిన్ వదులు, బ్రేక్ ప్యాడ్లు చూసుకోండి. బ్రేక్ లీవర్ మీ వేళ్లకు సులువుగా అందుతోందా అన్నది ఎవరూ చూసుకోరు, అందకపోతే సరిచేయించండి. చీలమండ కప్పే బూట్లు, గ్లవ్స్, పొడుగు చేతుల జాకెట్ వేసుకోండి. రాత్రి బాగా నిద్రపోండి. ఫీజు కట్టే ముందే ఒక మాట అడగండి: ఎమర్జెన్సీ బ్రేకింగ్ ఒక్కొక్కరితో ఎన్నిసార్లు చేయిస్తారు? ఒకసారి చూపించి వదిలేస్తారంటే ఇంకో చోటు చూసుకోండి.

గ్రౌండ్‌లో

మెల్లగా మలుపు తిప్పేటప్పుడు హాఫ్ క్లచ్, వెనక బ్రేక్ మాత్రమే. అక్కడ ముందు బ్రేక్ ముట్టుకోవద్దు. నేరుగా వెళ్తూ ఆపేటప్పుడు రెండూ వాడాలి, ముందు లీవర్‌ను మెల్లగా మొదలుపెట్టి బిగిస్తూ పోవాలి. బరువు ముందుకు వచ్చేకొద్దీ ఇంకా గట్టిగా. ట్రైనర్ పక్కకు వెళ్లగానే పాత పద్ధతిలో కాలితో తొక్కే అనుభవజ్ఞుల్ని చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. మీరు వచ్చిందే దీనికోసం.

ఇక మిగతావి వరసగా:

- పడిపోతున్న బండిని పట్టి ఆపాలని చూడకండి. వదిలేయండి.
- చూపు ముందుకు. గుంతను చూస్తే గుంతలోకే పోతారు.
- వేగంలో కుడికి పోవాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. నమ్మకపోతే ట్రైనర్ ఎదురుగా చేసి చూడండి.
- బ్రేక్ వేస్తూ పక్కకు తిప్పొద్దు. ఏదో ఒకటే.
- వెనక చక్రం లాక్ అయి పక్కకు వెళ్లిపోతే బ్రేక్ మీంచి కాలు చటుక్కున తీయకండి. టైర్‌కు ఒక్కసారిగా పట్టు దొరికి మిమ్మల్ని గాల్లోకి విసిరేస్తుంది.
- ముందు చక్రం లాక్ అయితే వెంటనే వదిలి, మళ్లీ మెల్లగా పట్టండి.
- చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ ఉంది కదా అంటారు. బ్రేక్ మీరు వేస్తేనే అది పనిచేసేది. సింగిల్ చానెల్ (ముందు చక్రానికి మాత్రమే ఉండే ఏబీఎస్) అయితే వెనక చక్రం ఇప్పటికీ లాక్ అవుతుంది.
- తడి రోడ్డు మీద కూడా ముందు బ్రేకే పెద్దది. ఇంకా మెల్లగా పట్టండి, అంతే.
- వేగం రెట్టింపైతే బ్రేక్ వేశాక ఆగే దూరం దాదాపు నాలుగు రెట్లు. కోర్సులో 30లో ఆపి చూపించారని 80లో ధైర్యం చేయొద్దు.
- కాలు ఒక్కటే తొక్కొద్దు. మళ్లీ చెబుతున్నా, కాలు ఒక్కటే తొక్కొద్దు.
- కోర్సు అయ్యాక నెలకోసారి ఖాళీ గ్రౌండ్‌లో 30తో మొదలుపెట్టి, కుదిరాక 40, తర్వాత 50లో ఆపి చూడండి.
- బండి మారిస్తే మొదటి రోజే ఇదంతా మళ్లీ చేయండి. అప్పటిదాకా వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు.