చేపల చెరువు ఖాళీ చేస్తే కింది వాగు నల్లబడుతోందా?

సమస్య: పట్టుబడికి, అంటే చేపలు పట్టడానికి, చెరువు నీళ్లు బయటికి వదిలిన రెండో రోజుకో మూడో రోజుకో కింది కాలువ నల్లబడి కంపు కొడుతుంది. కింది కుంటలో చేపలు తేలుతాయి, ఊళ్లో పంచాయితీ మొదలవుతుంది. మిర్యాలగూడ వైపు ఇది ఎన్నిసార్లు చూశానో.

ముందు చూడాల్సింది: చిల్లుల సంచుల్లో మేత నింపి చెరువులో గుంజలకు కడతాం కదా, ఆ గుంజల కింద పిడికెడు బురద తీయండి. నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే మీ తవుడు, పల్లిచెక్క చేప కడుపులోకి పోలేదు, అడుగున మురుగుతోంది. మేత వేసిన రెండు గంటలకు సంచి ఎత్తి చూడండి. మిగిలిందా, మర్నాడు తగ్గించండి. మబ్బు పట్టిన రోజు ఇంకా తగ్గించండి. ఐదు నిమిషాల పని. దయచేసి ఇది వదిలేయకండి. ఎవరిని అడిగినా "మూసీ నీళ్లండీ, మేమేం చేస్తాం" అంటారు. మూసీ నీళ్లు పాడైన మాట నిజమే. కానీ సాగర్ ఎడమ కాలువ నీళ్లు పెట్టిన చెరువుల్లోనూ నా చేతికి ఇదే బురద వచ్చింది.

మేత సరిగ్గానే ఉన్నా వాగు నల్లబడితే: ఆఖరి నీళ్లు. నేను మోసపోయింది ఇక్కడే. మొదటి రోజు తూము దగ్గర సీసాలో పట్టి చూశాను, నీళ్లు తేటగా ఉన్నాయి. సరేలే అని ఇంటికెళ్లాను. నీళ్లు మోకాలి లోతుకు దిగాక వల లాగారు. పది మంది కాళ్లు, వల అడుగు తాడు కలిసి ఏడాదంతా పేరుకున్న బురదను లేపాయి. తూము తెరిచే ఉంది. తెల్లారేసరికి కింది కుంటలో చేపలన్నీ వెల్లకిలా. ఆ బురద కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్ అంతా తాగేసింది. పై నీళ్లతో పోయేది తక్కువ, మురికిలో ఎక్కువ భాగం ఆ చివరి పావు వంతు నీళ్లతోనే పోతుంది.

పరిష్కారం: వల దిగేముందే తూము మూయండి. పట్టుబడి అయ్యాక రెండు మూడు రోజులు కదపకండి. తేరిన నీళ్లను పైనుంచి, తూము పలకలు ఒక్కొక్కటే తీస్తూ వదలండి, అడుగు నుంచి మాత్రం వద్దు. మిగిలిన చిక్కటి నీళ్లు వాగుకు కాకుండా బత్తాయి తోటకో, దున్నిన మడికో పారించండి. బురద ఎండాక తీసి పొలానికి తోలండి. మిషన్ కాకతీయలో పూడిక మట్టి తోలుకున్నవాళ్లకు దాని బలం తెలుసు.

నీళ్లు ఎర్రగా వస్తే అది గట్టు కోత, గడ్డి నాటితే తగ్గుతుంది. చెరువులో బ్లీచింగ్ పౌడర్ వేసి ఉంటే నీళ్లకు కొన్నాళ్లు ఎండ తగలనిచ్చి వదలండి.