ఆధునిక చిత్రానికి అవతారిక రాసుకోవడం ఎలా?

మ్యూజియంలో ఒక ఆధునిక చిత్రం ముందు నిలబడగానే చాలామందికి తోచే మొదటి ప్రశ్న "దీని అర్థం ఏమిటి?" అన్నది. జవాబు దొరకదు, పక్క గదిలోకి నడిచిపోతాం. ఆ ప్రశ్నను కాసేపు ఆపి, ఈ బొమ్మను ఎవరు వేయించారు, ఏ గోడ కోసం వేయించారు, డబ్బు ఎవరు ఇచ్చారు అని అడిగి చూడండి. మన ప్రబంధాలకు, కావ్యం రాయించి అంకితం తీసుకునే కృతిభర్త ఉన్నట్టే ఇరవయ్యో శతాబ్దపు చిత్రాలకూ కృతిభర్తలున్నారు. ప్రబంధకవి మాత్రం కావ్యం మొదట్లో వచ్చే అవతారికలోనే ఆయన పేరు, వంశం, కావ్యం అడిగిన సందర్భం చెప్పి మరీ కథలోకి వెళ్తాడు. చిత్రకారుడికి ఆ వీలు లేదు కాబట్టి, చిత్రానికి అవతారికను చూసేవాళ్ళే కూర్చుకోవలసి ఉంటుంది. అది ఎలాగో ఇక్కడ చెబుతాను.

మొదట చదవవలసినది గోడ మీది లేబుల్. చిత్రకారుడి పేరు, సంవత్సరం చూసి ఆగిపోకుండా అడుగున చిన్న అక్షరాల్లో ఉండే వరుస దాకా వెళ్ళండి. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మాటిస్ 1909లో వేసిన 'డాన్స్' చిత్రం ఉంది. అయిదుగురు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఉంటారు. దాని వివరాల్లో "ఆల్‌ఫ్రెడ్ బార్ జూనియర్ గౌరవార్థం నెల్సన్ రాక్‌ఫెల్లర్ ఇచ్చిన కానుక" అనీ, 201.1963 అన్న సంఖ్యా కనిపిస్తాయి. సంఖ్యలో చుక్క తరవాత ఉన్నది ఆ చిత్రం మ్యూజియం సొత్తు అయిన సంవత్సరం. ఆల్‌ఫ్రెడ్ బార్ ఆ మ్యూజియం తొలి డైరెక్టర్. నెల్సన్ తల్లి ఆబీ రాక్‌ఫెల్లర్ 1929లో ఆ మ్యూజియాన్ని స్థాపించిన ముగ్గురు మహిళలలో ఒకరు. ఒక్క వరుసలో ఒక కుటుంబం, ఒక సంస్థ, ఒక స్నేహం కనిపించాయి. అయితే 1909లో పుట్టిన బొమ్మ 1963లో మ్యూజియం చేరింది కదా, ఆ మధ్య 54 ఏళ్ళ సంగతి లేబుల్ చెప్పదు. లేబుల్ మీద ఉండేది చిత్రాన్ని చివరగా ఇచ్చిన చేయి మాత్రమే. దాన్నే పోషకుడి పేరుగా రాసుకోవడం ఈ పనిలో అందరూ చేసే మొదటి పొరపాటు.

రెండో మెట్టు యాజమాన్య చరిత్ర, అంటే మ్యూజియం వాళ్ళు ప్రావెనెన్స్ అని పిలిచే జాబితా. పెద్ద మ్యూజియాలు చాలావరకు దీన్ని తమ వెబ్‌సైట్లలోనే పెడుతున్నాయి. చిత్రం ఎవరి నుంచి ఎవరికి, ఏ ఏడాది చేతులు మారిందో అందులో వరుసగా ఉంటుంది. విరామ చిహ్నాలను కూడా చదవడం అలవాటు చేసుకోండి: అనేక అమెరికన్ మ్యూజియాల్లో రెండు పేర్ల మధ్య సెమీకోలన్ ఉంటే చిత్రం నేరుగా చేతులు మారిందని, ఫుల్‌స్టాప్ ఉంటే మధ్యలో తెలియని కాలం ఉందని అర్థం. యూరప్ నుంచి వచ్చిన చిత్రాల్లో అలాంటి ఖాళీ 1933కీ 1945కీ మధ్య కనిపిస్తే మరింత జాగ్రత్తగా చూడాలి. ఆస్ట్రియా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ 1907లో పూర్తి చేసిన ఆడెలే బ్లాక్ బావర్ చిత్తరువును వేయించింది ఆమె భర్త ఫెర్డినాండ్. 1938లో ఆయన ఆస్ట్రియా వదిలి పారిపోవలసి వచ్చింది, ఆస్తి నాజీల పాలైంది. చిత్రం మాత్రం దశాబ్దాల పాటు వియన్నాలోని ప్రభుత్వ గ్యాలరీలో, అది అక్కడిదే అన్నట్టు వేలాడింది. 2006లో మధ్యవర్తుల తీర్పు వచ్చాకే ఆడెలే అక్క కూతురు మరియా ఆల్ట్‌మన్, ఇతర వారసుల చేతికి వచ్చింది. ఆ బంగారు చీర లాంటి నేపథ్యాన్ని మెచ్చుకునేవాళ్ళు దాన్ని వేయించిన ఇంటి పేరు కూడా పలకాలని నా కోరిక.

ఇక అసలు పని. పోషకుడి పేరు తెలిశాక ఆయన ఏం అడిగారో, చిత్రకారుడు ఏం ఇచ్చారో పక్కపక్కన పెట్టి చూడాలి. 'డాన్స్' దగ్గరికే తిరిగి వద్దాం. న్యూయార్క్‌లో ఉన్నది నమూనాగా వేసినది. అసలు చిత్రం రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఉంది. దాన్ని వేయించినవారు మాస్కో బట్టల వర్తకుడు సెర్గేయ్ ష్చుకిన్. తన ఇంటి మెట్లదారి కోసం రెండు పెద్ద చిత్రాలు కావాలని అడిగి, 1909 మార్చిలో రాసిన ఉత్తరంలో 'డాన్స్'కు 15,000 ఫ్రాంకులు, 'మ్యూజిక్'కు 12,000 ఫ్రాంకులు ఖాయం చేశారు. మెట్లదారి అన్న మాటను గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే చిత్రం స్వరూపమంతా అందులోనే ఉంది. ఇంట్లోకి అడుగు పెట్టిన మనిషికి ఎదురుగా ఎక్కవలసిన మెట్లు ఉంటాయి కాబట్టి, ఆ శ్రమకు తగిన తేలికను ఇచ్చేలా మొదట నాట్యాన్ని ఉంచుతానని మాటిస్ అప్పట్లో ఒక పత్రికకు వివరించారు. మనిషి కింద నుంచి, నడుస్తూ, తల ఎత్తి చూసే బొమ్మలో సన్నని వివరాలు నిలవవు. అందుకే ఆకాశానికి ఒక నీలం, నేలకు ఒక ఆకుపచ్చ, ఒళ్ళకు ఒక ఎరుపు, అంతే.

ఇప్పుడు రెండు 'డాన్స్'ల ఫొటోలూ పక్కపక్కన తెరిచి, పది నిమిషాలు ఓపిగ్గా చూడండి. రెండూ దాదాపు ఒకే కొలత, సుమారు 2.6 మీటర్ల ఎత్తు, 3.9 మీటర్ల వెడల్పు. నమూనాలో ఒళ్ళు పాలిపోయిన గులాబీ రంగులో, గాలిలో తేలుతున్నట్టు మెత్తగా ఉంటాయి. మాస్కోకు వెళ్ళిన చిత్రంలో అవే ఒళ్ళు ఇటుక ఎరుపుకు తిరిగి, మోకాళ్ళ దగ్గర, నడుముల దగ్గర గీతలు బిగుసుకుని, పాదాలు నేలను తొక్కుతున్నట్టు ఉంటాయి. ముందు వైపున ఇద్దరి చేతులు ఇంకా కలవని చోట ఉన్న ఖాళీని కూడా గమనించండి. రెంటిలోనూ ఆ ఖాళీ ఉన్నా, రెండోదానిలో ఆ చేయి అందుకోవడానికి ఒళ్ళంతా సాగి పడబోతున్న మనిషి బలం మనకు తగులుతుంది.

పోషకుడు వెనక్కి తగ్గిన క్షణాలను కూడా వెతకండి, ఎందుకంటే పోషణ అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది. 1910 శరదృతువులో పారిస్‌లోని సలోన్ అనే కళా ప్రదర్శనలో ఆ రెండు చిత్రాలనూ జనం, విమర్శకులు తిట్టిపోశారు. నగ్న దేహాలను తన ఇంటి మెట్ల మీద పెట్టుకోవడానికి ముందు నుంచీ జంకుతున్న ష్చుకిన్, ఆ గొడవ చూసి వద్దనేశారు. తీరా రెండు రోజుల రైలు ప్రయాణంలో ఆలోచించుకుని, తన పిరికితనానికి సిగ్గుపడుతున్నానని, చిత్రాలు పంపమని మాటిస్‌కు రాశారు. ఆధునిక కళా చరిత్రలో నాకు ఇంతకంటే ఆత్మీయమైన ఘట్టం లేదు. నచ్చినదాన్ని కొనడానికి డబ్బుంటే చాలు, భయపెట్టినదాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి ధైర్యం కావాలి. అయినా జంకు పూర్తిగా పోలేదు. 'మ్యూజిక్'లో పిల్లనగ్రోవి ఊదుతున్న బాలుడి నగ్నత్వాన్ని ష్చుకిన్ కాస్త ఎర్ర రంగుతో కప్పేశారు. పోషకుడి ధైర్యమూ ఆయన మొహమాటమూ రెండూ ఒకే క్యాన్వాసు మీద దొరకడం అరుదు.

మాటిస్ ఊహలో మూడో చిత్రం కూడా ఉండేది, దానికి ష్చుకిన్ ఒప్పుకోలేదు. అది మాటిస్ స్టూడియోలోనే ఉండి, చాలా ఏళ్ళు మారుతూ వచ్చి, చివరికి నది ఒడ్డున స్నానమాడేవాళ్ళ చిత్రంగా షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరింది. కాబట్టి పోషకుడు కాదన్నవి ఏమయ్యాయో కూడా ఒక వరుస రాసుకోండి. విప్లవం తరవాత 1918లో ష్చుకిన్ సేకరణను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఆయన దేశం వదిలి, 1936లో పారిస్‌లో మరణించారు. 1948లో ఆ చిత్రాలున్న మాస్కో మ్యూజియాన్ని మూసివేసి, సేకరణను పుష్కిన్ మ్యూజియానికీ హెర్మిటాజ్‌కూ పంచారు. మెట్లదారి కోసం పుట్టిన బొమ్మను ఈనాడు సమతలమైన గదిలో ఎదురుగా నిలబడి చూస్తున్నామన్నది గుర్తుంటే, అది ఎందుకంత పెద్దగా, ఎందుకంత సూటిగా ఉందో తికమక ఉండదు.

పోషకుల చుట్టూ కథలు అల్లుకుంటాయి, వాటిని తూకం వేయడం నేర్చుకోవాలి. 1943లో అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ న్యూయార్క్‌లో సాలమన్ గుగెన్‌హైమ్ స్థాపించిన మ్యూజియంలో చిల్లర పనులు చేసే ఉద్యోగంలో ఉండగా, సాలమన్ తమ్ముడి కూతురు పెగ్గీ గుగెన్‌హైమ్ నెలకు 150 డాలర్లు ఇచ్చే ఒప్పందం చేసుకుని, ఆయనను ఆ పని నుంచి తప్పించారు. పెదనాన్న మ్యూజియంలో కూలి, కూతురి దగ్గర కొలువు. పెగ్గీ తన ఇంటి ముందు హాలుకు ఒక పెద్ద చిత్రం కూడా అడిగారు. సుమారు 2.4 మీటర్ల ఎత్తు, 6 మీటర్ల పొడవు ఉన్న ఆ క్యాన్వాసు ముందు పొలాక్ వారాల తరబడి ఊరికే కూర్చుని, చివరికి ఒక్క రాత్రిలో పూర్తి చేశారన్న కథ దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. గెట్టీ సంస్థ నిపుణులు ఆ చిత్రాన్ని శుభ్రపరుస్తూ పరీక్షించినప్పుడు, కింది రంగు ఆరిన తరవాతే పై పొరలు పడ్డ చోట్లు కనిపించాయి. నూనె రంగు ఒక్క రాత్రిలో ఆరదు. చిత్రకారుడి ఉత్తరం, ఒప్పంద పత్రం, రంగు పొర, ఈ మూడూ ఒకవైపు ఉండి, విందుల్లో చెప్పిన కథ ఇంకోవైపు ఉంటే, కథను రెండో స్థానంలో పెట్టండి. ఆ క్యాన్వాసును పెగ్గీ తరవాత అయోవా విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు.

ఒప్పందం తెగిన సందర్భాలు దొరికితే వదలకండి. ముందు చెప్పిన నెల్సన్ రాక్‌ఫెల్లర్ ఇక్కడ మళ్ళీ వస్తారు. 1933లో రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో మెక్సికన్ చిత్రకారుడు డియేగో రివెరా 21,000 డాలర్లకు కుడ్యచిత్రం వేస్తూ, ఆమోదించిన నమూనాలో లేని లెనిన్ ముఖాన్ని చేర్చారు. ఆ ముఖం తీసేయమని నెల్సన్ మే నెలలో ఉత్తరం రాశారు. తీసేయను, కావాలంటే లింకన్ బొమ్మ కూడా చేరుస్తానని రివెరా బదులిచ్చారు. డబ్బంతా చెల్లించి పని ఆపేశారు, 1934 ఫిబ్రవరిలో ఆ గోడను పగలగొట్టేశారు. రివెరా సహాయకురాలు లూసియెన్ బ్లాక్ రహస్యంగా తీసిన ఫొటోలు ఉండబట్టి అది ఎలా ఉండేదో మనకు తెలుస్తోంది. అదే ఏడాది రివెరా మెక్సికో నగరంలో ఆ చిత్రాన్ని తిరిగి వేశారు, ఈసారి ప్రభుత్వ భవనంలో. ఒకే పేరు ఒక చిత్రాన్ని కాపాడిన చోటా, మరొకదాన్ని కూల్చిన చోటా కనిపిస్తుంది. రెంటినీ రాసుకోవాలి. డబ్బు పూర్తిగా చెల్లించినంత మాత్రాన గోడ మీది బొమ్మను చెరిపే హక్కు వస్తుందని నేను ఒప్పుకోలేను, కానీ అప్పటి ఒప్పందాల ప్రకారం గోడ యజమానిదే పైచేయి అన్నది కూడా రాయకపోతే మన అవతారిక పక్షపాతంతో నిండిపోతుంది.

ఇదే పద్ధతిని ఇంటి దగ్గర వాడి చూడండి. హైదరాబాదులో హిందీ సాహిత్య పత్రిక 'కల్పన'ను నడిపిన బద్రీ విశాల్ పిత్తి, చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్‌కు ఆప్తులు, పోషకులు. ధనవంతుల డ్రాయింగు రూముల కోసం గీసే బదులు ఊళ్ళలోని జనానికి తెలిసిన రామాయణాన్ని చిత్రించమని సోషలిస్టు నాయకుడు రామమనోహర్ లోహియా అన్న మాట తనను కదిలించిందని, ఆ తరవాత కొన్నేళ్ళలో 150 దాకా చిత్రాలు వేశానని హుస్సేన్ స్వయంగా చెప్పుకున్నారు. ఇక్కడ అడిగినవారు ఒకరు, ఆశ్రయం ఇచ్చినవారు ఒకరు, చూడవలసినవారు ఊరి జనం. మీ కాగితం మీద ఈ మూడింటికీ వేర్వేరు గడులు ఉండాలి.

కొన్ని చోట్ల డబ్బు గడి ఖాళీగానే ఉండిపోతుంది. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్‌డ్రే, ఆ ఊరి కుర్రవాడు దామెర్ల రామారావు చేతిలోని నేర్పును గుర్తించి, 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరేలా చూశారు. రామారావు 1925లో, ముప్పై ఏళ్ళైనా నిండకుండా మరణించారు. ఆయన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. ఇలాంటి పోషకుల పేరు లేబుల్ మీద గానీ, యాజమాన్య చరిత్రలో గానీ ఉండదు, ఎందుకంటే వాళ్ళు బొమ్మను కొనలేదు, దానం ఇవ్వలేదు. శిష్యుల జ్ఞాపకాల్లో, జీవిత చరిత్రల్లో, పాత కళాశాల సంచికల్లో వెతకాలి. దొరికాక ఆ పేరును అవతారికలో కొనుగోలుదారుల కంటే పైన, మొదటి వాక్యంలోనే రాసుకోండి.