దొంగ లెవయథాన్‌ని గుర్తుపట్టడం ఎలా?

రాజనీతి గ్రంథాల్లో దొంగ ముద్రణలు కూడబెట్టాలన్న సరదా ఉంటే ఇంగ్లిష్ తత్వవేత్త హాబ్స్ రాసిన 'లెవయథాన్'తో మొదలుపెట్టమంటాను. 1651 అని తేదీ వేసుకున్న ముద్రణలు మూడున్నాయి. నిజంగా ఆ ఏడు అచ్చయింది ఒక్కటే.

మిగతా రెండూ ఎందుకొచ్చాయంటే, ఆ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయడానికి బిషప్పులు ఒప్పుకోలేదు. ఒకప్పుడు 8 షిల్లింగులున్న దానికి సెకండ్‌హ్యాండ్‌లో 24 పెట్టాననీ, బయట 30 పలుకుతోందనీ లండన్ వాసి శామ్యూల్ పెపిస్ 1668లో డైరీలో రాసుకున్నాడు. అంత గిరాకీ ఉంటే అచ్చువాళ్లు ఊరుకుంటారా? పాత తేదీ, పాత ప్రచురణకర్త పేరు వేసి ఎంచక్కా అమ్ముకున్నారు.

తేదీ వదిలేసి టైటిల్ పేజీలోని బొమ్మ చూడండి. తలకాయలుంటే అసలుది. ఎలుగుబంటి ఉంటే దొంగది. వరసలుగా పేర్చిన 25 చిన్న పూలగుర్తులుంటే అదీ దొంగదే. ఎలుగుబంటి ప్రతిలో ఇంకో తమాషా: ప్రచురణకర్త ఆండ్రూ క్రూక్ ఇంటిపేరులో 'ఆర్' ఉండాల్సిన చోట 'కె' పడింది. నాకు అసలుదాని కంటే ఇదే ముద్దు.

కొనేముందు టైటిల్ పేజీని వేరే ప్రతిలోంచి తెచ్చి అతికించారేమో చూడాలి. దీపానికి ఎదురుగా పట్టి కాగితంలోని గీతల ఎడం తర్వాతి పేజీలతో పోల్చండి. పురుగు తొలిచిన కన్నాలు పక్క పేజీల్లో వరసగా ఉండి టైటిల్ పేజీలో మాత్రం లేకపోతే అనుమానించాల్సిందే. బైండింగ్ చిరిగినా నేను పట్టించుకోను.

తర్వాత డచ్ తత్వవేత్త స్పినోజా. 1670లో వచ్చిన 'ట్రాక్టాటస్ థియోలాజికో పొలిటికస్' మీద అచ్చయిన ఊరు హాంబర్గ్, ప్రచురణకర్త హెన్రికస్ కున్రాట్ అని ఉంటుంది. అంతా బూటకం, వేయించింది ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ రియువెర్ట్స్. మొదటి ముద్రణలో 104వ పేజీకి 304 అని అంకె తప్పు పడింది, ముందు అది తిప్పి చూడండి. అదే పుస్తకానికి 1673 నాటి చిన్న సైజు ప్రతులు మరీ గడుసువి: హైన్సియస్ చరిత్ర రచనలనీ, విలాకోర్టా శస్త్రచికిత్స గ్రంథమనీ, సిల్వియస్ వైద్యమనీ టైటిల్స్ తగిలించుకున్నాయి. కాబట్టి కేటలాగులో వైద్యం పేజీలు కూడా వదలకండి.

బిల్లు మీద '1651, మొదటి ముద్రణ' అని రాసిస్తే సరిపోదు. తలకాయలో, ఎలుగుబంటో, పూలగుర్తులో అందులోనే రాయించుకోండి.