మెటాఫిజిక్స్ అన్న మాట కనబడితే ముందు కాలం చూసుకోండి

కడప, అనంతపురం వైపు తత్త్వం అనగానే చెవికి మొదట తగిలేవి బ్రహ్మంగారి తత్త్వాలే. అందుకే పాశ్చాత్య తత్త్వశాస్త్రంలోని మెటాఫిజిక్స్‌ను (స్థూలంగా, అసలు ఏమేం ఉన్నాయి, ఉండటమంటే ఏమిటి అని అడిగే విద్యను) తత్త్వమీమాంస అని తెనిగించిన పుస్తకం చదివేటప్పుడు మనసు తెలియకుండానే మోక్షం, వైరాగ్యం వైపు జారుతుంది. అధిభౌతికం అని తెనిగించినా చిక్కే. తాపత్రయాల్లోని (మూడు రకాల బాధల్లోని) ఆధిభౌతికం అంటే ఇతర ప్రాణుల వల్ల కలిగే బాధ. మెటాఫిజిక్స్‌తో దానికి సంబంధం లేదు. చదివినంతసేపూ మెటాఫిజిక్స్ అనే ఉంచుకుని, అర్థాన్ని కాలాన్ని బట్టి మార్చుకోవడం మేలు.

నోటుబుక్కులో పేజీకి మూడు గళ్ళు గీయండి: ఒకటి, ఎవరు ఎప్పుడు రాశారు; రెండు, వారి లెక్కలో అది దేన్ని గురించిన విద్య; మూడు, ఎవరికి జవాబుగా రాశారు. మూడో గడి ఖాళీగా ఉందంటే ఆ వాక్యం ఇంకా అర్థం కాలేదన్నమాటే. ఉదాహరణకు ఎప్పుడూ ఒకే వస్తువు పెట్టుకోండి. ఇంట్లో పరిచిన కడప బండ చాలు.

అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) ఈ మాట వాడనే లేదు. ఆయన అన్నది 'మొదటి తత్త్వశాస్త్రం'. పద్నాలుగు భాగాల ఆ గ్రంథానికి 'భౌతికం తర్వాతివి' (మెటాఫిజిక్స్ అన్న మాటకు మూలం ఇదే) అన్న పేరు ఆయన పోయాక పడింది. 'తర్వాతివి' అన్నదాన్ని 'అతీతమైనవి' అని చదవడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. మొదటిసారే మొదటి పేజీ నుంచి పట్టుకోకండి. నాలుగో భాగం, 1003ఎ దగ్గర మొదలుపెట్టండి. (అంచున ఉండే ఈ అంకెలు 1831 నాటి బెక్కర్ ముద్రణవి. అనువాదం మారినా ఇవి మారవు కాబట్టి నోట్సులో ఇవే రాసుకోండి.) బండ నలుపు, బరువు పక్కనపెట్టి, 'ఉన్నది' అయినందుకే దాన్ని గురించి ఏం చెప్పగలం అని అక్కడ అడుగుతారు. పన్నెండో భాగం రెండో సగానికి వస్తే విచారం దేవుడి మీదికి మళ్ళుతుంది. మరి ఇది ఉన్నవాటన్నిటి విద్యా, అన్నిటికన్నా పైనున్నదాని విద్యా? మధ్యయుగం పెనుగులాడింది ఈ ముడితోనే. ఉన్నదే దీని విషయం, దేవుడు ఇందులో వెతికి తేల్చవలసినది అన్నాడు మధ్యయుగపు పారశీక తత్త్వవేత్త ఇబ్న్ సీనా. అరిస్టాటిల్ గ్రంథం నలభైసార్లు చదివినా బోధపడలేదని రాసుకున్నదీ ఆయనే. రెండోసారికే పుస్తకం మూసేయకండి.

ఫ్రెంచి తత్త్వవేత్త దెకార్త్ 1647లో తత్త్వశాస్త్రాన్ని చెట్టుతో పోల్చి, మెటాఫిజిక్స్‌ను వేరు అన్నాడు, భౌతికశాస్త్రాన్ని కాండం అన్నాడు. ఆయన లెక్కలో బండ అంటే ఇక పొడవు, వెడల్పు, మందం, అంతే. తర్వాత జర్మన్ తత్త్వవేత్త వోల్ఫ్ మెటాఫిజిక్స్‌ను ఉనికి, లోకం, ఆత్మ, దేవుడు అని నాలుగుగా పంచాడు. ఈ పంపకం తెలియకపోతే, ఆయన తర్వాత వచ్చిన జర్మన్ తత్త్వవేత్త కాంట్ అర్థం కాడు.

'కాంట్ మెటాఫిజిక్స్‌ను కూల్చేశాడు' అని పరీక్షల్లో రాస్తుంటారు. 1781లో ఆయన ప్రధానంగా దెబ్బకొట్టింది వోల్ఫ్ పంపకంలోని చివరి మూడింటిని. 1786లో ప్రకృతి విజ్ఞానానికి మెటాఫిజిక్స్ పునాదుల మీద ఆయనే పుస్తకం రాశాడు. ఆయన దగ్గర ఈ మాటకు అర్థం, అనుభవానికి ముందే మన బుద్ధి సమకూర్చే సూత్రాల విద్య.

భాషను తర్కంతో విశ్లేషించిన తత్త్వవేత్త కార్నప్ 1932లో మెటాఫిజిక్స్ వాక్యాలకు అర్థమే లేదన్నాడు. మూడో గడిలో జర్మన్ తత్త్వవేత్త హైడెగర్ 1929 ప్రసంగం రాయండి. కార్నప్ ఎత్తిచూపిన వాక్యాలు అందులోవే. 1948లో అమెరికన్ తత్త్వవేత్త క్వైన్ ప్రశ్ననే తిప్పాడు: మన సిద్ధాంతం నిజమవాలంటే ఏవేవి ఉన్నాయని ఒప్పుకోవాలి? దానికి కార్నప్ 1950లో మళ్ళీ బదులిచ్చాడు. ఆయనకు రెండో పేజీ తెరవండి.