వానొస్తే టీవీ బొమ్మ విరుగుతోందా? డిష్‌ను ఎండలోనే సరిచేయండి

ఎండ కాసినంతసేపు డీడీ సప్తగిరి అద్దంలా కనిపిస్తుంది. నాలుగు చినుకులు పడగానే బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి ఆగిపోతుంది. బాక్సు మార్చే ముందు డిష్ చూడండి. అది ఒకటి రెండు డిగ్రీలు పక్కకు తిరిగినా ఎండలో ఆ తప్పు బయటపడదు.

ఎందుకంటే, బొమ్మ 188 బైట్ల పొట్లాలుగా వస్తుంది. ఉపగ్రహ టీవీకి వాడే డీవీబీ-ఎస్ పద్ధతిలో పంపేచోటే ఒక్కో పొట్లానికి 16 బైట్లు అదనంగా చేర్చి 204 చేస్తారు. దారిలో 8 బైట్ల దాకా చెడినా బాక్సు ఆ అదనపు బైట్లతో లెక్కగట్టి పొట్లాన్ని యథాతథంగా రాబడుతుంది. తొమ్మిదోది చెడిందా, ఆ పొట్లం పోయినట్టే. అందుకే పాత యాంటెన్నాలోలా చుక్కలు మెల్లగా పెరగవు, బాగున్న బొమ్మ ఒక్కసారిగా విరుగుతుంది. బొమ్మ వస్తే చాలదు, వానకు తట్టుకునేంత మిగులు ఉండాలి.

బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ తెరవండి. స్ట్రెంత్ గీతను నమ్మకండి, అందులో రొద కూడా కలిసే ఉంటుంది. మీరు చూడాల్సింది క్వాలిటీ.

ముందు దారానికి రాయి కట్టి వేలాడదీసి, డిష్ బిగించిన గొట్టం నిటారుగా ఉందో లేదో చూడండి. దూరదర్శన్ ఉచితంగా ఇచ్చే ఫ్రీ డిష్ ఛానళ్ళు వచ్చే ఉపగ్రహం జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పున. ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి నుంచి అది దిక్సూచిలో 153 డిగ్రీల దగ్గర, అంటే దక్షిణానికీ ఆగ్నేయానికీ నడుమ, 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. రాయగడకు ఒక డిగ్రీ అటూ ఇటూ. ఇళ్ళ మీది చిన్న డిష్‌లు ఆఫ్‌సెట్ రకం (ముఖం వాలిన దిక్కు కన్నా పైనుంచి సిగ్నల్ అందుకునేవి) కాబట్టి ముఖం 40 డిగ్రీల దగ్గరే వాలి కనిపిస్తుంది, కంగారుపడకండి. ఇంత ఎత్తుకు మహేంద్రగిరి కొండ కూడా అడ్డం రాదు. పెరట్లో పనసచెట్టు రావచ్చు. డిష్ కన్నా 9 మీటర్లు ఎత్తున్న చెట్టు అటువైపు ఉంటే 4 మీటర్లకు పైగా దూరం కావాలి.

నట్లు సగం వదులు చేసి, డిష్‌ను వేలి వెడల్పులో సగం జరిపి 4 సెకన్లు ఆగండి. బాక్సు లెక్క తేల్చడానికి ఆ మాత్రం పడుతుంది, తొందరపడితే సరైన చోటు దాటిపోతారు. క్వాలిటీ ఎడమన ఎక్కడ పడిందో, కుడిన ఎక్కడ పడిందో గుర్తుపెట్టి నడిమికి తేవాలి. పైకీ కిందికీ అంతే. తర్వాత ఎల్‌ఎన్‌బీని, అంటే డిష్ ముందు చేతికి ఉండి సిగ్నల్ అందుకునే ముక్కను, దాని పట్టీలో కొంచెం కొంచెంగా తిప్పండి. ఇక్కడ దాని వంపు దాదాపు 25 డిగ్రీలు.

ఇప్పుడు అసలు పరీక్ష. పల్చటి తువ్వాలు తడిపి, గట్టిగా పిండి, ఒక్క మడతే ఎల్‌ఎన్‌బీ మూతి మీద కప్పండి. క్వాలిటీ తగ్గుతుంది. ఆ తగ్గిన స్థితిలోనే మళ్ళీ ముందులా జరిపి చూడండి. ఎండలో తెలియని తేడా ఇప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించండి, ఒకేసారి బిగిస్తే డిష్ పక్కకు లాగుతుంది.

డిష్ నుంచి బాక్సుకు వచ్చే ఆర్‌జీ-6 వైరు కనెక్టర్లను విప్పి చూడండి. రాగి తీగ అంచు దాటి 2, 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి, చుట్టూ ఉండే లోహపు జాలీ పోగు ఒక్కటి కూడా దానికి తగలకూడదు. తీగకు ఆకుపచ్చ చిలుము పట్టిందంటే నీళ్ళు దిగినట్టే. అంతవరకూ కోసేసి కొత్త కనెక్టరు వేయండి. ఎల్‌ఎన్‌బీ దగ్గర వైరును కిందికి వంపు తిప్పితే నీళ్ళు అక్కడే కారిపోతాయి.

ఇంత చేసినా కుండపోతలో బొమ్మ పోతే 60 సెంటీమీటర్ల డిష్ తీసి 90ది పెట్టండి. రెండింతలకు పైగా సిగ్నల్ అందుతుంది. గాలీ అంతే పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన గజపతి జిల్లాలో దాన్ని పిట్టగోడ ఇటుకలకు కాక, కాంక్రీటు శ్లాబుకే నాలుగు బోల్టులతో బిగించాలి.