భారరహిత స్థితిలో పెసర మొలక: బడిలో ప్రయోగం చేయడం ఎలా?

2024 డిసెంబరు 30న పీఎస్ఎల్‌వీ-సీ60తో ఇస్రో పంపిన బొబ్బర్లు కక్ష్యలో మొలకెత్తి ఆకులు వేశాయి; 2025లో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పెసలు, మెంతులు మొలకెత్తించారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి కోసిన మళ్లలో చల్లే పెసలతోనే, కింద ఏదో పైన ఏదో తెలియని వేరు ఎటు పోతుందో మన పిల్లలు బడిలో పరీక్షించవచ్చు.

వేరు కొనను కప్పిన తొడుగు కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. వేరు పక్కకు ఒరిగితే అవి కిందివైపుకు జారతాయి. అప్పుడు ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోను కూడా ఆ వైపే ఎక్కువగా చేరి అక్కడి ఎదుగుదలను తగ్గించడంతో వేరు కిందికి వంగుతుంది. మొలకను అడ్డంగా ఉంచి నెమ్మదిగా తిప్పే క్లినోస్టాట్ అనే పరికరం భూమ్యాకర్షణను తొలగించదు. దిశను నిరంతరం మారుస్తూ ఆ రేణువులను ఒకచోట కుదురుకోనివ్వదు. ఈ తేడాను విద్యార్థులకు మొదటే చెప్పాలి.

నిమిషానికి 2 నుంచి 4 చుట్లు తిరిగే బ్యాటరీ గేర్ మోటార్లు రెండు తీసుకోవాలి. నిమిషానికి 60 చుట్లు తిప్పితే, మధ్య నుంచి 4 సెంటీమీటర్ల దూరంలోని గింజపై భూమ్యాకర్షణలో దాదాపు ఆరో వంతు బలం బయటివైపు పనిచేసి ఫలితాన్ని పాడుచేస్తుంది. మధ్యలో కరెంటు పోయి మోటారు ఆగితే వేళ్లు వంగిపోతాయి కనుక బ్యాటరీయే మేలు.

పెసలను రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలక అర సెంటీమీటరు రాగానే తిన్నగా ఉన్నవాటిని ఏరుకోవాలి. మూత ఉన్న మూడు పారదర్శక పళ్లాల్లో తడి వడపోత కాగితం పరచి, ఒక్కో దానిలో కనీసం పది గింజలను, వేరు కొనలన్నీ ఒకే వైపు ఉండేలా, జారిపోకుండా అమర్చాలి. కాగితం తడిగా ఉంటే చాలు, నీరు నిలవకూడదు. అంతరిక్షంలోనూ నీరు వేళ్లను పొరలా అంటుకుని ఊపిరాడకుండా చేయడమే పెద్ద చిక్కు.

మొదటి పళ్లాన్ని, వేళ్లు పక్కకు చూసేలా, అంచుమీద కదలకుండా నిలబెట్టాలి. రెండోదాన్ని అలాగే నిలువుగా, నేలకు సమాంతరమైన ఇరుసుకు బిగించి మోటారుతో తిప్పాలి; ఇదే మన క్లినోస్టాట్. మూడోదాన్ని నిటారు ఇరుసుపై బల్లపరుపుగా అదే వేగంతో తిప్పాలి. చాలామంది వదిలేసే ఈ మూడో పళ్లెం లేనిదే దీన్ని ప్రయోగమని నేను ఒప్పుకోను. ఎదుగుదలలో వచ్చిన తేడా దిశ మారడం వల్లనా, మోటారు కుదుపు వల్లనా అన్నది తేల్చేది అదే. వేళ్లను వెలుగు ప్రభావితం చేయకుండా మూడింటినీ నల్లగుడ్డతో కప్పాలి.

రెండు రోజులపాటు ఉదయం, సాయంత్రం ఫొటో తీసి, కోణమానినితో వేరు వంపును, స్కేలుతో పొడవును కొలవాలి. మొదటి పళ్లెంలో వేళ్లు కిందికి తిరుగుతాయి. రెండోదానిలో బయలుదేరిన దిశలోనో, తలోవైపుకో సాగుతాయి. మూడోదానిలో పొడవు మొదటిదానికంటే బాగా తగ్గితే మోటారు కుదుపును సరిచేసి మళ్లీ మొదలుపెట్టాలి.